చిన్న దెబ్బకు పెద్ద పరీక్ష

విద్యార్థి సంఘం వారు ఈ ఏటి సావనీరుకు ఏదైనా రాసి పంపమని అడిగినప్పుడు, పాత విద్యార్థిని కనుక నాలుగు జ్ఞాపకాలు రాసి ఊరుకుందామనుకున్నాను. కాని హాస్టలు మెస్సు సాంబారు గురించి, పరీక్షల ముందు రాత్రుళ్ళ గురించి ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుచేత ఈసారి ఒక పాఠం గురించి రాస్తున్నాను. మన మెకానికల్ విభాగంలో నేను శ్రద్ధగా చదివి, పరీక్షలో అయిదు మార్కులకు రాసి, తీరా అవసరం పడ్డ రోజున గుర్తుకు తెచ్చుకోలేకపోయిన పాఠం అది. మంచు రోడ్డు మీద కారు జారి గట్టుకు కొట్టుకుంటే, పైకి ఏమీ కనపడనప్పుడు, లోపల సస్పెన్షన్ దెబ్బ తిన్నదో లేదో తెలుసుకోవడం ఎలా అన్నది ఈ వ్యాసంలోని విషయం.

"మన దగ్గర మంచెక్కడిదండీ?" అని మిత్రులు నవ్వొచ్చు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

జరిగింది ఇదీ

2009 జనవరిలో నేను అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. ముగ్గురం తెలుగువాళ్ళం ఒకే అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. ముగ్గురం తలా కొంత వేసుకుని పాత కారొకటి కొన్నాం. మిగతా ఇద్దరూ కంప్యూటర్ల వాళ్ళు, మెకానికల్ నేనొక్కణ్ణే. కాబట్టి బండి మంచీ చెడ్డా చూసుకోవడం నా వంతు అని ఎవరూ చెప్పకుండానే ఖాయమైపోయింది.

ఒక సాయంత్రం సరుకులు కొనుక్కుని వస్తున్నాను. మలుపు దగ్గర బ్రేకు వేస్తే బండి ఆగలేదు, స్టీరింగు తిప్పితే తిరగలేదు. నెమ్మదిగా, చెప్పినట్టు వింటున్నట్టే నటిస్తూ, పక్కకు జారి కుడి ముందు చక్రంతో సిమెంటు గట్టుకు కొట్టుకుంది. దిగి చూశాను. బంపరు మీద గీత లేదు, లైటు పగల్లేదు, చక్రం మీది ప్లాస్టిక్ మూత మాత్రం ఊడి మంచులో పడి ఉంది. దాన్ని తీసుకుని ఇంటికి వచ్చేశాను. తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగు కాస్త పక్కకు తిరిగి ఉందని మాత్రం గమనించాను.

మర్నాడు ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్ళి వీల్ ఎలైన్‌మెంట్ చేయమన్నాను. 80 డాలర్లు పుచ్చుకుని చేసిచ్చారు. స్టీరింగు తిన్నబడింది. వాళ్ళిచ్చిన కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను. "బండి ఎలా ఉందిరా?" అని మిత్రులు అడిగితే "బ్రహ్మాండంగా ఉంది" అన్నాను.

మూడు వారాల తర్వాత మిత్రుల్లో ఒకతను చెల్లెలి పెళ్ళికి ఇండియా బయల్దేరాడు. మర్నాడు పొద్దున్నే డెట్రాయిట్ విమానాశ్రయానికి మా కార్లోనే ప్రయాణం. ముందురోజు రాత్రి సూట్‌కేసులు ఎక్కించడానికి బండిని మా గుమ్మం దగ్గరికి తెస్తున్నాను. మనిషి నడిచే వేగం కూడా లేదు. టక్కున ఒక చప్పుడైంది. దిగి చూస్తే ఎడమ చక్రం ముందుకు చూస్తోంది, కుడి చక్రం పక్కింటి వైపు చూస్తోంది. టై రాడ్ చివర ఉండే బాల్ జాయింట్ కాడ విరిగిపోయింది.

కొన్ని గంటలు ఆలస్యంగా విరిగుంటే, ఐ-94 హైవే మీద, గంటకు 110 కిలోమీటర్ల వేగంలో, ముగ్గురం అందులో ఉండేవాళ్ళం. కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ తర్వాత పెళ్ళికి వెళ్ళవలసిన మిత్రుడు కోపం లేకుండానే అన్నాడు: "బాగుందన్నావు కదరా?"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు అనుకోండి.

మంచు రెండు రకాలు

మన తెలుగులో ఆకాశం నుంచి పడే మెత్తని మంచునీ, గట్టిగా గడ్డకట్టిన మంచునీ ఒకే మాటతో పిలుస్తాం. టైరుకు మాత్రం ఆ రెండూ ఒకటి కావు. మెత్తని మంచు మీద టైరు గాళ్ళకు కాస్త పట్టు దొరుకుతుంది. రోడ్డు మీద పలుచని అద్దంలా గడ్డకట్టిన మంచు మీద దాదాపు ఏమీ దొరకదు. పొడి తారు రోడ్డు మీద ఘర్షణ గుణకం సుమారు 0.8 ఉంటే, గడ్డకట్టిన మంచు మీద 0.1 దగ్గర ఉంటుంది. వేగం వర్గాన్ని, ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణాల లబ్ధానికి రెట్టింపుతో భాగిస్తే ఆగడానికి పట్టే దూరం వస్తుందని అందరం చదువుకున్నదే. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో లెక్కేస్తే పొడి రోడ్డు మీద సుమారు 8 మీటర్లు, మంచు మీద సుమారు 63 మీటర్లు. సున్నా డిగ్రీల దగ్గర, కరగడానికి సిద్ధంగా ఉన్న మంచు ఇంకా ప్రమాదం. గట్టి చలిలో ఉన్న మంచు కంటే అదే ఎక్కువ జారుతుంది.

మెల్లగా తగిలినా గట్టి దెబ్బే

"అంత మెల్లగా తగిలిందానికి ఏమవుతుంది?" అని నేను అనుకున్నాను. ఆ రోజు కాగితం, పెన్సిలు తీసుకుని ఉంటే అలా అనుకునేవాణ్ణి కాదు. 1300 కిలోల కారులో ఒక చక్రం వంతుకు 325 కిలోలు వేసుకుందాం. గట్టు వైపు వేగం గంటకు 10 కిలోమీటర్లే అనుకుందాం, అంటే సెకనుకు 2.8 మీటర్లు. గతిశక్తి సుమారు 1250 జౌళ్ళు. టైరు, రిమ్ము, రబ్బరు బుష్షులు అన్నీ కలిసి 5 సెంటీమీటర్లు నలిగి ఈ శక్తిని మింగాయనుకుంటే సగటు బలం సుమారు 25 కిలోన్యూటన్లు, అనగా దాదాపు రెండున్నర టన్నుల బరువు. మామూలుగా ఆ చక్రం మోసే బరువుకు ఇది దాదాపు ఎనిమిది రెట్లు. ఇది ఉజ్జాయింపు లెక్కే కాని, ఏ స్థాయి దెబ్బో తెలియడానికి చాలు.

పైగా అది తగిలిన దిక్కు చూడండి. సస్పెన్షన్ ముఖ్యంగా కింద నుంచి పైకి వచ్చే కుదుపులను మింగడానికి తయారైంది. గుంతలో పడితే స్ప్రింగు నలుగుతుంది, షాక్ అబ్జార్బర్ ఆ ఊపును అణుస్తుంది. పక్క నుంచి వచ్చే దెబ్బకు స్ప్రింగూ లేదు, షాక్ అబ్జార్బరూ లేదు. అది నేరుగా లోహం మీదికి పోతుంది. బంపరుకు అసలు తగలనే లేదు కనుక బంపరు బాగున్నదన్న సాక్ష్యం ఇక్కడ చెల్లదు.

దెబ్బ ఎక్కడెక్కడికి పోతుంది?

మన ఆటోమొబైల్ లాబులో అంబాసిడర్ చాసిస్ చుట్టూ నిలబడి ముందు టార్షన్ బార్లు, వెనక కమాను పట్టీలు చూసి నోట్సు రాసుకున్న తరం మాది. కాని ఆ తర్వాత వచ్చిన చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలకు మెక్‌ఫెర్సన్ స్ట్రట్ పద్ధతే. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫెర్సన్ జనరల్ మోటార్స్‌లో చిన్న కారొకటి తయారుచేస్తూ ఈ పద్ధతికి రూపమిచ్చాడు. ఆ కారు బయటికి రాలేదు. ఆయన 1947లో ఫోర్డ్ కంపెనీకి మారాడు. 1950లో ఇంగ్లండులో వచ్చిన ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో ఇది బాగా ప్రచారమైంది. మన దేశంలో 1983లో వచ్చిన మారుతి 800కు ముందు వైపున ఉన్నదీ ఇదే.

దీని అమరిక తేలిక. చక్రం ఇరుసును పట్టుకుని ఉండే ముక్కను నకిల్ అంటారు. దానికి పైన స్ట్రట్ బిగించి ఉంటుంది. స్ట్రట్ అంటే స్ప్రింగూ, షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు గొట్టం. దాని పై కొన బాడీలోని గూడులో కూచుంటుంది. నకిల్‌కు కింద ఒక బాల్ జాయింటు, దాన్ని పట్టుకుని లోయర్ ఆర్మ్. పక్కన స్టీరింగు నుంచి వచ్చే టై రాడ్. గట్టు దెబ్బ ముందు టైరుకూ రిమ్ముకూ, అక్కణ్ణించి బేరింగుకూ నకిల్‌కూ, ఆ తర్వాత స్ట్రట్, లోయర్ ఆర్మ్, టై రాడ్ మూడింటికీ చీలిపోతుంది. వీటిలో సన్నగా ఉండేది టై రాడ్. కాబట్టి అది వంగడం, దాని కొన దెబ్బ తినడం తరచు చూస్తాం.

పరీక్షించే క్రమం

ఆ రాత్రి తర్వాత నేను నేర్చుకుని, నేటికీ పాటిస్తున్న క్రమం ఇది. డాక్టరు రోగిని చూసినట్టే ముందు కళ్ళతో, తర్వాత చేతులతో, ఆ తర్వాత కొలతలతో.

ఒకటి: మంచు తుడవాలి. రిమ్ము లోపల మంచు గడ్డకట్టి ఉంటే చక్రం సమతూకం తప్పి, కాస్త వేగం అందుకోగానే స్టీరింగు వణుకుతుంది. అది చూసి సస్పెన్షన్ పోయిందని కంగారుపడేవాళ్ళున్నారు. అలాగే గట్టి చలిలో రబ్బరు బుష్షులు బిర్రుబిగిసి కిర్రుమంటాయి. ఆ చప్పుడు రెండు వైపులా ఒకేలా ఉంటే దాన్ని దెబ్బకు అంటగట్టకూడదు. ఒకే వైపు ఉంటేనే అనుమానించాలి.

రెండు: చూడాలి. టైరు పక్క గోడలో బుడిపె లేచిందా? లేస్తే లోపలి దారాలు తెగాయన్నమాట, ఆ టైరు పనికిరాదు. రిమ్ము అంచు వంగిందా? చక్రం తన గూడు మధ్యలో ఉందా, వెనక్కి జరిగిందా? స్ట్రట్ మీద నూనె కారిందా? టై రాడ్ తిన్నగా ఉందా? చలిదేశాల్లో రోడ్లకు ఉప్పు చల్లుతారు కనుక పాత బండి అడుగంతా తుప్పే. ఒక రకంగా అది మనకు సాయం. పాత తుప్పు గోధుమ రంగు, కొత్తగా విరిగిన లేక గీసుకున్న చోటు మెరుస్తుంది. ఆ మెరుపు ఎక్కడుందో వెతకాలి.

మూడు: పట్టి ఊపాలి. గట్టి, సమమైన నేల మీద, మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, బండిని స్టాండు మీద నిలపాలి. మంచు మీద జాకీ ఎత్తవద్దు, ఒట్టి జాకీని నమ్ముకుని బండి కిందికి దూరవద్దు. గడియారంలో 12, 6 అంకెలున్న చోట్ల చక్రాన్ని పట్టుకుని ఊపితే వదులు తెలుస్తుందా? అయితే బేరింగు గాని, కింది బాల్ జాయింటు గాని అనుమానించాలి. 9, 3 దగ్గర ఊపితేనే వదులుంటే టై రాడ్ కొనలు చూడాలి. తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పితే రిమ్ము వంకర ఉందేమో కనపడుతుంది, బేరింగు గరగరలాడితే వేలికి తెలుస్తుంది.

నాలుగు: కొలవాలి. దీనికి యంత్రమే కావాలని లేదు. నేల సమంగా ఉండాలి, స్టీరింగు తిన్నగా ఉండాలి. దారానికి బరువు కట్టి చక్రం ముందు వేలాడదీసి, రిమ్ము పై అంచుకూ కింది అంచుకూ దారం నుంచి దూరం కొలవండి. ఆ రెండు అంచుల మధ్య 400 మిల్లీమీటర్లు ఉంటే, ప్రతి 7 మిల్లీమీటర్ల తేడాకు చక్రం ఒక డిగ్రీ వాలినట్టు. ఇదే క్యాంబర్. అలాగే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు దూరం రెండు వైపులా కొలిచి పోల్చండి. కొన్ని మోడళ్ళలో తయారీలోనే కొద్ది తేడా ఉంటుంది కనుక పుస్తకం చూసుకోవాలి. తేడా పుస్తకంలో లేనిదైతే ఆర్మ్ వంగి చక్రం వెనక్కి వెళ్ళిందని అర్థం.

కాగితంలో దాగిన జవాబు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎలైన్‌మెంట్‌లో మామూలుగా సరిచేసేది టో. అంటే చక్రాలు ముందు వైపున ఎంత లోపలికో బయటికో చూస్తున్నాయన్నది. టై రాడ్ పొడవు పెంచి, తగ్గించి దీన్ని సర్దుతారు. ఇది ముఖ్యమే. అర డిగ్రీ తప్పితే ప్రతి కిలోమీటరుకు టైరును సుమారు 9 మీటర్లు పక్కకు ఈడ్చినట్టే. కాని చూడండి, లోయర్ ఆర్మ్ వంగినా, నకిల్ వంగినా, టై రాడే వంగినా, టై రాడ్ మరను నాలుగు చుట్లు తిప్పి టోను సరిచేసేయొచ్చు. స్టీరింగు తిన్నబడుతుంది. జ్వరానికి మాత్ర వేస్తే ఒళ్ళు చల్లబడుతుంది, జ్వరం ఎందుకొచ్చిందో మాత్రం తేలదు. ఇదీ అలాంటిదే.

విరిగిన రాత్రి కోటు జేబులోని కాగితం తీసి దీపం కింద పెట్టుకుని చదివాను. టో దగ్గర అంకెలు ఆకుపచ్చగా ఉన్నాయి. మూడు వారాల క్రితం నేను చూసింది ఆ ఆకుపచ్చనే. దాని పైన క్యాంబర్ వరుస: ఎడమ -0.5 డిగ్రీ, కుడి +1.5. ఆ కుడి అంకె ఎర్రగా ఉంది. ఆ కారులో క్యాంబర్‌ను సర్దే ఏర్పాటు లేదు గనుక అలాగే వదిలేశారు. అట్టడుగున ఇంకో వరుస, స్టీరింగ్ యాక్సిస్ ఇంక్లినేషన్: ఎడమ 13 డిగ్రీలు, కుడి 11.

మన పాత పుస్తకాల్లో దీన్నే కింగ్ పిన్ ఇంక్లినేషన్ అన్నారు. ముందు నుంచి చూస్తే, చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత లోపలికి వాలిన కోణం. మెక్‌ఫెర్సన్ పద్ధతిలో పైన స్ట్రట్ కొన, కింద బాల్ జాయింటు, ఈ రెంటినీ కలిపే గీత అది. దీనికి క్యాంబర్ కలిపితే వచ్చేది ఇన్‌క్లూడెడ్ యాంగిల్. ఈ మొత్తం కోణం స్ట్రట్, నకిల్ కలిసిన దిమ్మె ఆకారం మీద ఆధారపడుతుంది, ఆ దిమ్మెను బండిలో ఎలా వంచి నిలబెట్టామన్న దానిమీద కాదు. రోగం ఎక్కడుందో విడదీసే సూత్రం ఇదే.

ఎడమ వైపు 13, -0.5 కలిస్తే 12.5. కుడి వైపు 11, +1.5 కలిస్తే అదీ 12.5. మొత్తం మారలేదు. అంటే స్ట్రట్, నకిల్ వంగలేదు. దిమ్మె మొత్తం ఒరిగింది. కింది కొన లోపలికి జరిగి ఉండాలి, లేక పై గూడు బయటికి జరిగి ఉండాలి. గట్టు దెబ్బ తగిలేది కింద కనుక లోయర్ ఆర్మ్‌నే ముందు చూడాలి. ఒకవేళ కుడి వైపు 13, +1.5 వచ్చి ఉంటే మొత్తం 14.5 అయ్యేది. అప్పుడు ఆర్మ్ నిర్దోషి, స్ట్రట్ గాని నకిల్ గాని నేరస్తులు. రెండు అంకెలు కూడితే చాలు, బండి విప్పకుండానే సగం జవాబు వస్తుంది.

ఈ కూడిక నేను పరీక్షలో బొమ్మ వేసి మరీ రాశాను. మూడు వారాలు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతూ ఒక్కసారీ కూడలేదు. వర్క్‌షాపు వాళ్ళను తప్పు పట్టను. నేను ఎలైన్‌మెంట్ అడిగాను, వాళ్ళు ఎలైన్‌మెంట్ చేశారు. "గట్టుకు కొట్టుకుంది, ఏం వంగిందో చూడండి" అని నేను చెప్పనే లేదు. రోగి డాక్టరు దగ్గర దాచినట్టయింది.

విరిగిన ముక్క చెప్పిన సాక్ష్యం

మర్నాడు మిత్రుడు టాక్సీలో వెళ్ళాడు, పెళ్ళికి అందుకున్నాడు. నేను బండిని వేరే చోటికి లాగించుకుపోయి విప్పించాను. లోయర్ ఆర్మ్ వంగి ఉంది, ఎడమ దాని పక్కన పెడితే కంటికే తెలిసింది. టై రాడ్ కొన విరిగిన ముఖం చూస్తే ఒక అంచున నెలవంకలా కొంత భాగం గోధుమ రంగు తుప్పు, మిగతాదంతా తాజాగా, గరుకుగా మెరుస్తోంది. ఉప్పునీళ్ళు లోపలికి దిగి తుప్పు పట్టాలంటే ఆ చీలిక పాతదై ఉండాలి. గట్టుకు కొట్టుకున్న రోజునే అక్కడ పగులు పుట్టి ఉంటుందనీ, మిగతా లోహం మూడు వారాలు బరువు లాగి లాగి ఆ రాత్రి చేతులెత్తేసిందనీ నేను అర్థం చేసుకున్నాను. ఆ పగులు జాయింటు లోపల ఉంది. ఊపి చూసినా దొరికేది కాదేమో. కాని ఆర్మ్ వంగిందని తెలిసిన మనిషి అదే దెబ్బ తిన్న టై రాడ్ కొనను కూడా మార్చకుండా వదలడు. ఒక ముక్క వంగితే దాని పక్క ముక్కను నమ్మకూడదు. ఇది నియమంగా పెట్టుకోండి.

ఆ ముక్క ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

మనకెందుకంటారా?

మన దగ్గర మంచు రోడ్లు లేవు, నిజమే. కాని తొలకరి చినుకులకు దుమ్మూ నూనే కలిసిన రోడ్డు ఎలా జారుతుందో తెలియనివారెవరు? డివైడరు అంచు, నీళ్ళు నిండి కనపడని గుంత, రాత్రిపూట రంగు వెలసిన స్పీడు బ్రేకరు, ఇవన్నీ ఆ గట్టుకు చుట్టాలే. దెబ్బ తగిలాక మనం కూడా చేసేది అదే. ఎలైన్‌మెంట్ చేయించి, స్టీరింగు తిన్నబడింది కదా అని ఊరుకుంటాం. ఇకమీదట ఆ కాగితాన్ని పూర్తిగా అడిగి తీసుకోండి. అడుగు వరుస అచ్చువేయకపోతే వేయమనండి. సర్దకముందు అంకెలు, సర్దిన తర్వాత అంకెలు రెండూ చూడండి. రెండు వైపులా కూడి చూడండి.

సోదర విద్యార్థులకు ఒక్క మాట. రేపు మీ పేరు పక్కన డిగ్రీ చేరిన తర్వాత, చుట్టుపక్కలవాళ్ళు మీ మాటను నమ్మి బండెక్కుతారు, లిఫ్టెక్కుతారు, వంతెన దాటుతారు. "బాగుందా?" అని అడుగుతారు. చూడకుండా "బాగుంది" అనకండి. "ఇంకా చూడలేదు" అనడం నామోషీ కాదు. ఆ రోజు నేను ఆ రెండు మాటలు అని ఉంటే, ఈ పాఠం అయిదు మార్కులతోనే అయిపోయేది.